పన్నెండో నంబరు

"నీ కార్డు సంగతి నువ్వే చూసుకో ఒతీ, ఆ లెక్కలు నా బుర్రకెక్కవు," అన్నాడు రోహెలియో, బూటు లేసు బిగించుకుంటూ.

శనివారం పొద్దున్న. ఒతీలియా వంటింటి బల్ల మీద చిక్కుడు గింజలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. పోస్టు డబ్బాలోంచి కవరు తెచ్చింది అతనే. తెచ్చి గింజల పక్కన పడేసి, ఆ ముక్క అనేసి, ఎవరింట్లోనో హీటరు చెడిపోయిందని ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. శాన్ ఆంటోనియోలో చలి పెరిగినా అతనికి పనే, ఎండ ముదిరినా అతనికి పనే. సోమరి కాదు, తాగుబోతు కాదు, చెయ్యెత్తే మనిషి అంతకన్నా కాదు. అందుకే అతని మీద ఎవరికైనా చెప్పుకోవాలంటే ఒతీలియాకి మాటలు దొరకవు. "ఇంకేం కావాలే నీకు?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు ఆమె దగ్గర ఉంది గానీ, అది పైకి అంటే నవ్వుతారని ఏళ్ల తరబడి లోపలే దాచుకుంది.

నీ కార్డు అన్నాడు. నిజమే, కార్డు మీద ఉన్నది ఆమె పేరే. పెళ్లికి ముందు ఏదో ట్రక్కు వాయిదాలు ఎగ్గొట్టి పేరు పాడుచేసుకున్న రోహెలియోకి ఏ బ్యాంకూ క్రెడిట్ కార్డు ఇవ్వదు. కాబట్టి ఇంటికి ఏది కావలసి వచ్చినా గీకింది ఆమె కార్డే. ఆమె చేతులు తుడుచుకుని కవరు చింపింది. నాలుగు వేల ఏడు వందల ఇరవై డాలర్లు. అందులో అతని ట్రక్కు గేర్‌బాక్సు ఉంది, కూతురి పళ్ల క్లిప్పులున్నాయి, వడగళ్ల వానకి చిల్లులు పడ్డ ఇంటికప్పు ఉంది. అన్నిటికన్నా పైన, రెండేళ్ల కిందట అత్తగారింటికి వెళ్లిన రెండు తలుపుల తెల్ల ఫ్రిజ్ ఉంది. దానికి ఎర్ర రిబ్బను కట్టి, తల్లి చేత కళ్లు మూయించి లోపలికి తీసుకెళ్లాడు రోహెలియో. ఆవిడ దాన్ని కౌగిలించుకుని ఏడ్చింది. వీధి వీధంతా పిలిచి, "నా కొడుకు కొన్నాడు," అని చూపించింది. దారిలోనే భార్యకి చెప్పి ఉంచాడు మరి: "కార్డు మీద కొన్నామని అమ్మతో అనకు. కొడుకు కొన్నాడని సంతోషపడనీ." ఒతీలియా అనలేదు. తన పేరు లేని చోట నోరు మెదపకుండా నిలబడడం ఆమెకు కొత్తేం కాదు. బడి వంటశాలలో పదకొండేళ్లుగా అదే కదా చేస్తున్నది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు కుర్రవాళ్లు ఆమెకే పైవాళ్లయ్యారు, ఆమె మాత్రం ఇప్పటికీ పొద్దున్నే ఆరు వందల మంది పిల్లలకి అన్నం వండుతోంది.

బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఈ నెల వడ్డీ ఉంది, నూట ఆరు డాలర్లు. ఆమె నెలనెలా రెండు వందలు కడుతోంది. సగానికి పైగా వడ్డీకే పోతుంటే, మిగిలిన దాంతో అప్పు కాస్త దిగేలోపు ఇంట్లో ఇంకేదో విరుగుతుంది. ఆమె ఏరిన రాళ్లన్నీ ఆ కాగితం మీదే పోసింది.

బడికి వెళ్లే బస్సు దారిలో తీగవాద్యాలు చేసే ముసలాయన కొట్టొకటి ఉంది. అద్దం వెనక ఒక బాహో సెస్తో వేలాడుతూ ఉంటుంది. గిటారులాగే ఉంటుంది గానీ బరువెక్కువ, తీగలు పన్నెండు, గొంతు లోతు. ఒతీలియా తండ్రి పెళ్లిళ్లలో అదే వాయించేవాడు. చప్పట్లన్నీ పక్కన అకార్డియన్ వాయించేవాడికి పడేవి, ఆటంతా నిలబెట్టేది మాత్రం బాహో. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన దాన్ని ఆమె ఒళ్లో పెట్టి, తన చేత్తో ఆమె వేళ్లు తీగల మీద నొక్కి, మూడు పాటలు నేర్పాడు. వేళ్ల కొసలు కాయలు కాశాయి. ఆ కాయల్ని ఆమె బడిలో అందరికీ చూపించుకునేది. ఆయన పోయాక వాద్యం అన్న పాలయింది. "ఆడపిల్ల ఒళ్లో అది పడుతుందా ఏంటి?" అన్నాడు అన్న. ఆర్నెల్లు తిరక్కుండా తాకట్టు కొట్లో పెట్టేసి మళ్లీ విడిపించలేదు. ఇప్పటికీ ఎక్కడైనా పెళ్లి బాజా వినిపిస్తే ఒతీలియా ఎడమ చేతి వేళ్లు గౌను మీద వాటంతటవే కదులుతాయి. ఆమెకు అది కావాలి. ఎంత కావాలంటే, బస్సులో ఎప్పుడూ కొట్టు వైపు కిటికీ దగ్గరే కూర్చుంటుంది, ఆ సీటు దొరక్కపోతే రోజంతా ఏదో పోగొట్టుకున్న దానిలా ఉంటుంది. వెల రెండు వేల రెండు వందలు. ప్రతి జనవరిలోనూ ఈ డిసెంబరుకి కొనుక్కుంటానని అనుకుంటుంది.

డిసెంబరుకి ఎందుకంటే, తాందాలో ఆమె నంబరు వచ్చేది అప్పుడు. తాందా అంటే వేలంపాట లేని చిట్టీ. అత్తగారు దోన్యా ఎలోయీసా నలభై ఏళ్లుగా నడుపుతోంది. పన్నెండు మంది, తలా నాలుగు వందలు, నెలకొకరికి నాలుగు వేల ఎనిమిది వందలు. వడ్డీ లేదు, సంతకం లేదు, ఉన్నదల్లా ఆవిడ నోటుపుస్తకం, ఆవిడ నోరు. పుస్తకంలో నంబరు, పేరు, ఆ పక్క గడిలో అవసరం. ఎవరి అవసరం ముందో వాళ్లకి ముందు నంబరు. మొదటిది మాత్రం నడిపే మనిషిదే, అది ఆనవాయితీ. చివరిది ఆరేళ్లుగా ఒతీలియాది. "మా కోడలు బంగారం, దానికి తొందర్లేదు," అని ఆవిడ రాసేస్తుంది. అలా అన్నప్పుడల్లా ఒతీలియాకి లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది, అబద్ధమెందుకు. ఇక డిసెంబరులో డబ్బు చేతికొచ్చేసరికి, అది వచ్చిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒక ఏడు మరిది జామీను, ఒక ఏడు ఆడపడుచు అద్దె బకాయి, మొన్న డిసెంబరులో పండక్కి ముప్పై మందికి భోజనాలు.

గింజలు నానబోసి, పొయ్యి మీద పెట్టకుండానే ఆమె బస్సెక్కింది. బడి ఉద్యోగుల సహకార బ్యాంకు శనివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. అక్కడ అప్పుల గురించి సలహా చెప్పే ఆవిడ పేరు వెర్నిస్. నెరిసిన జుట్టుని పొట్టిగా కత్తిరించుకున్న నల్లావిడ, మెడలో గొలుసుకి కళ్లజోడు.

వెర్నిస్ బిల్లు చూసి, తెల్లకాగితం తీసి, దారులన్నీ ఒకదాని కింద ఒకటి రాసింది. "ఇప్పుడు కడుతున్నట్టే కడుతూ పోతే, ఇంకేమీ కొనకుండా ఉంటే, దాదాపు మూడేళ్లు. కొంటూ ఉంటే ఎప్పటికీ తీరదు. వడ్డీ లేని కొత్త కార్డుకి మార్చుకోవచ్చు గానీ, మీ లెక్కల్లో రెండుసార్లు ఆలస్యంగా కట్టినట్టుంది, ఇవ్వరు. మా దగ్గర ఏడాది అప్పు తీసుకుంటే పదమూడు శాతం. ఏడాదికి మూడు వందల నలభై దాకా వడ్డీ అవుతుంది. ఇప్పటికి ఇదే చవక. ఎక్కడైనా పొదుపు ఉందా?"

"లేదండి. చిట్టీ కడతాను, అంతే. తాందా అంటాం మేం."

వెర్నిస్ కలం ఆగింది. "మా అమ్మ వాళ్లది ట్రినిడాడ్. మేం సూసూ అంటాం. నెలకెంత?"

"నాలుగు వందలు."

"ఎన్నో నంబరు?"

"చివరిది. ఎప్పుడూ చివరిదే," అంది ఒతీలియా, బాగా చదివే పిల్ల మార్కులు చెప్పినట్టు.

వెర్నిస్ కళ్లజోడు తీసి గుండెల మీద వదిలేసింది. "ఎన్నేళ్లుగా?"

"ఆరు."

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ముందు నంబర్ల వాళ్లకి వెళ్లే డబ్బులో మీది కూడా ఉంటుంది కదా. అంటే ఏడాదంతా వాళ్లకి మీరు వడ్డీ లేకుండా అప్పిస్తున్నారు. ఇస్తూ, ఇక్కడ ఈ కార్డు మీద ఏడాదికి నూటికి ఇరవై ఏడు కడుతున్నారు." ఆవిడ పాత బిల్లులన్నీ తెరమీద తిప్పి, మీటలు నొక్కి, కాగితం అడుగున ఒక అంకె రాసి ఇటు తిప్పింది. ఐదు వేల ఆరు వందలు. "ఆరేళ్లలో మీరు కట్టిన వడ్డీ. మీ అప్పు కన్నా ఎక్కువ."

ఒతీలియా ఆ కాగితం దగ్గరికి లాక్కుంది. ఆమెకు కనిపించింది అంకె కాదు. రెండు బాహోలు, పైన డబ్బా, తీగలు, ఏడాది పాటు మంగళవారం పాఠాలు. మంచిదానివన్న ఒక్క మాటకి ఆమె అంత పోసి కొనుక్కుంది. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది గానీ బ్యాంకులో ఏడిస్తే బాగోదని గట్టిగా చీదింది.

"బ్యాంకులో కూర్చుని నేను అనకూడదు," అంది వెర్నిస్ గొంతు తగ్గించి, "కానీ వీటన్నిట్లోకీ చవకది ఈ కాగితం మీద లేదు. చిట్టీలో ఒకటో నంబరు అడగండి. వచ్చిన డబ్బంతా అదే రోజు కార్డుకి కట్టండి. వడ్డీ సున్నా. మిగతా పదకొండు నెలలూ మాత్రం తప్పకూడదు. నడిపేవాళ్లు నమ్మకస్తులేనా?"

"మా అత్తగారు."

"ఓహో," అంది వెర్నిస్. "అయితే పదమూడు శాతం కాగితాలు కూడా సిద్ధం చేసి ఉంచుతాను."

మర్నాడు ఆదివారం, క్రిస్మస్ తర్వాత జనవరిలో వచ్చే ముగ్గురు రాజుల పండగ. ఆ రోజే దోన్యా ఎలోయీసా ఇంట్లో గుండ్రటి తీపి రొట్టె కోస్తారు, చాక్లెట్టు కాస్తారు, కొత్త ఏడాదికి నంబర్లు రాస్తారు. ట్రక్కులో వెళ్తున్నంతసేపూ ఒతీలియా పెదాలు కదిలిస్తూనే ఉంది. ఒకటి. ఒకటి నాకు. ఇంత చిన్న మాట నోట్లో ఇంత పెద్దగా ఎందుకుందో ఆమెకు తెలియలేదు.

"ఏంటి గొణుగుతున్నావు?" అన్నాడు రోహెలియో.

"లెక్కలు. నీ బుర్రకెక్కవులే."

వంటింట్లో పదిమంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు కుర్చీలు చాలక కొందరు నిలబడే ఉన్నారు. తెల్ల ఫ్రిజ్ పక్కన దోన్యా ఎలోయీసా కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, చేతిలో కలం పడితే మాత్రం కోర్టులో జడ్జీ. పుస్తకం తెరిచి కళ్లద్దాలు సర్దుకుంది.

"ఒకటి, నాది. అవసరం, ఇల్లు. రెండు, యొలాందా. అవసరం, ఏప్రిల్‌లో పిల్ల పదిహేనో పుట్టినరోజు. గౌను కుట్టించాలి, హాలుకి అద్దె కట్టాలి. మూడు…" అంటూ పదకొండు దాకా రాసుకొచ్చింది. "పన్నెండు, ఒతీలియా. అవసరం…" అడగకుండానే గడిలో గీత గీసేయబోయింది. ఆరేళ్లుగా అక్కడ గీతే.

"అత్తయ్యా, ఈ ఏడు నాకు ఒకటి కావాలి."

చాక్లెట్టు కలుపుతున్న గరిటె ఆగింది. ఎవరో నవ్వారు, వేళాకోళమనుకుని.

"అది అమ్మ నంబరు వదినా," అంది ఆడపడుచు యొలాందా. "ఏంటి అంత అర్జంటు? కొంపదీసి నలభై ఆరేళ్లకి విశేషమా?"

అందరూ గొల్లుమన్నారు. రోహెలియో కూడా నవ్వాడు, ఆ నవ్వు మధ్యలోనే భార్య మొహం చూసి ఆపేశాడు. "ఒతీ, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్లాక నువ్వు బూట్లు విప్పుకుని టీవీ పెట్టుకుంటావు, నేను పొయ్యి దగ్గరికెళ్తాను. ఇక్కడైతే ఇద్దరం కూర్చునే ఉన్నాం."

దోన్యా ఎలోయీసా కలం మూత పెట్టింది. "ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అమ్మాయ్?"

"లేదత్తయ్యా, అందరూ బాగానే ఉన్నారు."

"ఇంకేం మరి? నలభై ఏళ్లలో ఒకటో నంబరు నన్నెవరూ అడగలేదు. నీకేం లోటొచ్చిందని?"

ఇక్కడ ఆగిపోతే పదమూడు శాతం కాగితాలున్నాయి, సంతకం పెడితే చాలు, ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. ఆ మూడు వందల నలభై కూడా మంచితనం ఖాతాలోనే పడుతుంది. ఒతీలియా ఫ్రిజ్ వైపు చూసింది. తలుపు మీద ముసలావిడ మనవల ఫోటోలు, మందుల చీటీలు, మాత బొమ్మ ఉన్న అయస్కాంతం వరసగా పెట్టుకుంది.

"ఆ ఫ్రిజ్ ఇంకా బ్యాంకుదే అత్తయ్యా. నా కార్డు మీద ఉంది. నెలనెలా దానికి వడ్డీ కడుతున్నాను. ఈ నెలతో తీర్చేసి మీ పేర చేసేద్దామని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రోహెలియో మెడ దాకా ఎర్రబడి, రొట్టె మీద పంచదార గోరుతో గీకడం మొదలుపెట్టాడు. దోన్యా ఎలోయీసా కొడుకుని చూసింది, ఫ్రిజ్‌ని చూసింది, మళ్లీ కొడుకుని చూసింది.

"నా కొడుకు కొన్నాడని వీధంతా చెప్పుకున్నాను," అంది చివరికి.

"అబద్ధం చెప్పలేదు మీరు. కొన్నది అతనే. కడుతున్నది నేను."

"వడ్డీ ఎంత?"

"నూటికి ఇరవై ఏడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ పక్కింటావిడ శిలువ గుర్తు వేసుకుంది. దోన్యా ఎలోయీసాకి లెక్కలు కాగితం మీద అక్కర్లేదు, నలభై ఏళ్లు పన్నెండు మంది డబ్బు తలలో తిప్పిన మనిషి. ఆవిడ పుస్తకం వెనక్కి తిప్పింది. ఒక పేజీ, ఇంకో పేజీ, మొత్తం ఆరు. ప్రతి పేజీ అడుగునా పన్నెండు, ఒతీలియా, ఆ పక్కన గీత. ఆ గీతలన్నిటినీ వేలితో తడిమింది.

"ఇవన్నీ నేనే గీశాను," అంది. "నిన్నొక్కసారి అడగను కూడా లేదు."

"నేనూ చెప్పలేదు లెండి."

"నువ్వు చెప్పలేదు. ఇదిగో, వీడు చెప్పనివ్వలేదు." ఆవిడ కొడుకు కేసి కలం చూపించింది. "నీతో తర్వాత మాట్లాడతాను రా నాయనా. రొట్టె పాడుచెయ్యకు, తిను." ఒకటో వరసలో తన పేరు కొట్టేసింది. "నా ఇంటికి ఈ ఏడు ఏ రోగమూ రాలేదులే." ఒతీలియా అని రాసింది. అవసరం దగ్గర ఆగి, "మా అందరి అప్పు," అని పైకి చదువుతూ రాసింది. యొలాందా ఏదో అనబోయి, తల్లి చూపు చూసి చాక్లెట్టు కప్పులు సర్దుకుంది.

అక్కడితో అయిపోవాలి. ఒతీలియా అడగాలనుకున్నది వచ్చేసింది, ఊపిరి తీసుకుని లేవబోయింది కూడా. కానీ నిన్న బస్సులో తిరిగొస్తూ వేసుకున్న లెక్క ఇంకొకటి ఉంది. అది కొట్టు అద్దం ముందు నుంచి బస్సు వెళ్తున్నప్పుడు తట్టింది, ఎంత సులువుగా తట్టిందంటే ఆమె స్టాపు దాటిపోయింది. కార్డు తీరితే, దానికి కట్టే నెలకి రెండు వందలూ మిగులుతాయి. రెండు వందలంటే అర చిట్టీ.

"పన్నెండోది ఖాళీ అయింది కదా అత్తయ్యా," అంది. "అందులో సగం కూడా నాకే రాయండి."

"సగమా? డిసెంబరులోనా?" ఆవిడ అద్దాల మీంచి చూసింది. "సరే. అవసరం?"

ఈ గడి నింపడానికి ఆమె దగ్గర ఎన్నో సిద్ధంగా ఉన్నాయి. పిల్ల చదువు అనొచ్చు. ఇంటికి రంగులు అనొచ్చు. ఏది అన్నా ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. బల్ల కింద ఆమె ఎడమ చేతి వేళ్లు గౌను మీద కదులుతున్నాయి.

"అవసరమేం లేదు," అంది. "బాహో సెస్తో కొనుక్కుంటాను. నాకు కావాలి, అంతే. అవసరం కాదు, కోరిక. అదే రాయండి."

"ఈ వయసులోనా!" అన్నాడు రోహెలియో. అతను ఎగతాళిగా అనలేదు. పందొమ్మిదేళ్లు పక్కన పడుకున్న మనిషి గురించి ఈ ముక్క తనకెలా తెలియలేదా అన్నట్టు అన్నాడు.

దోన్యా ఎలోయీసా కలం ఆ ఖాళీ గడి మీద ఆనించింది. నలభై ఏళ్లుగా ఆ వరసలో గుడ్డలు, పళ్లు, పెళ్లిళ్లు, శవపేటికలు, కప్పులు, పన్నులు రాసిన చెయ్యి అది. ఒత్తి ఒత్తి, బడి పిల్లలా, కోరిక అని రాసింది.

"సగం నంబరుకి ఇంకో సగం ఎవరో ఒకరు పట్టాలి," అంది తల ఎత్తకుండా. "ఎవరు పడతారు?"

డిసెంబరు దాకా ఆగే ఓపిక ఎవరికుంది?

ముసలావిడ కిందిగీత మీద తన పేరు రాసుకుంది. పక్క గడి దగ్గర కలం ఆగింది. ఇల్లు అని రాస్తుందనుకుంది ఒతీలియా, ఎప్పుడూ రాసేది అదే. ఆవిడ ఒకసారి కొడుకునీ కూతుర్నీ చూసి, పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పైన రాసిందే ఇక్కడా అని చెప్పే రెండు చిన్న గీతలు పెట్టి పుస్తకం మూసేసింది.